వాన పడితే పని బందు

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు. ముద్దనూరు బాట మీద కరువు పని. కంకర కొట్టే ముసలామె, హాజరు రాసే గుమాస్తా ఆకాశం వైపు చూస్తున్నారు.

“మోడం పట్టింది సామీ. వానొస్తే మా కూలి?”

“వానొస్తే కరువు పోయినట్టే గదవ్వా. పని బందు.”

“పంటొచ్చేది నాలుగు నెలలకు. అంతదాకా ఏం తినాల?”

“సర్కారు కాగితంలో, వాన పడిన రోజే కడుపు నిండుతుంది.”

“మరి నీ ఉద్యోగం?”

“నాదీ కరువుండే వరకే.”

“అయ్యో! ఇంట్లో ఇంకెవరికన్నా పనుండాదా?”

“మా నాయనకుండాది. షావుకారు పిలిపిస్తే, ఈ ఊరి గుళ్లోనే గంగాళం నీళ్లలో కూర్చోని వరుణ జపం చేస్తాండారు.”

ముసలామె సుత్తి కింద పెట్టింది.

“ఇంకా నిలబడినావేంది? ఉరుకు! పెద్దసామిని గంగాళంలోంచి లేపు. శనివారం కూలి పంచినాక మళ్లా మనమే కూర్చోబెడదాం!”