పీడనం

హలో… ఆ, నేనే, గౌతమి అక్కనే. చెప్పు నల్లప్పా… ఏడుస్తాండావా? మెల్లగా చెప్పు రా…

ఎవర్ని నరికినావు?… మీ బావనా. వీరేష్‌నా… తొడ మీద. కొడవలితో.

కండ్లు తెరిచే ఉండాడా?… తిడతాండాడా. సరే, తిట్టనీ.

ఉండు… లహరీ, నీ ఫోన్‌లో 108కి చెయ్యి. రాప్తాడులో మా ఇల్లు… ఆయన ఇల్లు. హైవే పక్కన. తొడ తెగింది, రక్తం ఆగలేదని చెప్పు… ఆ, నల్లప్పా, స్కూల్లోనే ఉండా. లహరి టీచరు బండి పిలుస్తాండాది. నువ్వు ఫోన్ స్పీకర్లో వేసి కింద పెట్టు.

గాయం మీద ఏం వేసినావు?… కాఫీ పొడా. పొట్లమంతా… దానిమీద రెండు టవల్లు, పంచె. అందుకే కారుతాండాది. అన్నీ తీయి.

నువ్వు పరుపేసి దానిమీద ఒత్తుతాండావు రా. నీ బలమంతా గుడ్డల్లోనే పరుచుకుంటాండాది. తెగినకాడికి ఏమీ చేరలేదు.

ఒక్క గుడ్డ మడువు. తమలపాకంత. రక్తం వచ్చే చోటే పెట్టు… అరచేతి అడుగు, మణికట్టు కాడిది, దానిమీద పెట్టు. మోచేయి వంచొద్దు. మీదకి వాలు.

తాడుతో కడతావా? వద్దు. సన్నది, కండలోకి దిగుతాది. చెయ్యే…

ఏమంటివి?… పీడ పోతాది, వదిలేద్దామంటావా…

రే. ఎనిమిదో తరగతికి పొద్దున చెప్పిన పాఠమే ఇది. పీడనం. పిల్లోళ్లు నవ్వినారు. మా అవ్వ నన్ను పీడ అంటాది మేడం, నేను పీడనమా అని ఒకడు. బలం అంతే ఉన్నా, చోటు చిన్నదైతే పీడనం పెరుగుతాది. నువ్వు కొడవలి సాన పట్టినావే, అందుకే అంత లోతు దిగింది. రక్తం ఆపేదానికీ అదే దారి.

నాకెట్ల తెలుసంటే… పుస్తకంలోనే చదివినా అనుకుంటివా? మనిషంతా మీద పడినా ఊపిరి ఆడతాది రా. రొమ్ము మీద ఒక్క మోకాలు పెడితే ఆడదు. కింద పడుండి నేను లెక్క వేస్తాంటి, అంత బరువు, అంత చోటు అని… పిచ్చిదాని మాదిరి.

ఒత్తు… తగ్గిందా? ఎత్తి చూడొద్దు.

ఎవరు… ఆయన మాట్లాడతాడంటనా? చెప్పమను. వింటాండా…

జారి కొడవలి మీద పడినానని పోలీసులకు చెప్తావా… నేను ఈ పొద్దే ఇంటికొస్తే.

ఒంట్లో నెత్తురు పోయినా, బేరం పోలేదు నీకు.

నల్లప్పా, ఏమిరా ఆ అరుపు… చెయ్యెత్తినావా. పెట్టు… నా కోసరం ఎత్తినావా? నా కోసరమే పెట్టు. బతికినోన్ని వదిలి ఈ బెళుగుప్ప స్కూలుకు వచ్చినా. సచ్చినోన్ని వదిలి యాడికి పోవల్ల?

… పెట్టినావా. ఊ.

వీరేష్… ఆ, పేరు పెట్టే పిలుస్తాండా. వాడు నరికినాడనే చెప్పు. నేనూ మొదట్నుంచి జరిగిందంతా చెప్తా.

నల్లప్పా, వింటివి గదా. నువ్వు జైలుకు పోతావు. నేను ఆ ఇంటికి పోను… ఏడువు. చెయ్యి మాత్రం కదిలించొద్దు…

బండొచ్చిందా… వాళ్ల చెయ్యి పడినాకే నీది తీయి… తీసినావా? నల్లప్పా…

ఎవరు?… 108 అన్ననా? ఆ అన్నా, ఆయన భార్యనే… ప్రాణంతో ఉండాడా?

… ఉండాడు.

సరే అన్నా… వద్దు, ఆయనకు ఫోన్ ఇయ్యొద్దు. పెట్టేస్తాండా.