తిరుగు టపా

"నాలుక్కి గదా తమ్ముడూ నువ్వు సంచీ కట్టేది? ఇంకా పావుగంటుంది, కూర్చో," అన్నాడు ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మాస్టారు, ఒళ్ళో కవరుని రెండు చేతులా పట్టుకుని. ప్రెస్సుకి ఎదురుగా టీ కొట్టు, కొట్టు పక్కనే పోస్టు డబ్బా. ముసురు పట్టి మూడు రోజులైంది. పోస్ట్‌మన్ తడి గొడుగు మడిచి బెంచీ చివర కూర్చున్నాడు.

"కథల సంకలనం వేస్తున్నారు," అన్నాడు మాస్టారు. "గడువు ఎల్లుండితో సరి. ఇవాళ్టి టపా దాటితే అందదు. ఇది బయల్దేరిందా, నా కథ పుస్తకంలో ఉన్నట్టే. ఏ పోటీ ఎక్కడుందో, ఎవరు ఎన్ని పేజీలడుగుతున్నారో నన్నడగండి చెప్తాను. పదకొండేళ్ళుగా ప్రకటనలు కత్తిరించి నోటుబుక్కులో అంటిస్తున్నాను."

"అది మాత్రం నిజం. మా చెల్లి కథ మాస్టారిచ్చిన అడ్రసుకి పంపితేనే అచ్చయింది," అన్నాడు ప్రెస్సులో బైండరు.

"మీ చెల్లిదేముంది లేవయ్యా, నా మొదటి కథ సంగతి విను. పోటీకి పంపాను. నా రాత కోడి కెలికినట్టుంటుందని మా అక్క కూర్చుని ఫెయిర్ చేసింది, కాగితానికి ఒకవైపే, ముత్యాల్లాంటి అక్షరాలు. బహుమతి రాలేదనుకో, సాధారణ ప్రచురణకి తీసుకున్నారు. అంతే, గొప్పేం కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరక్కుండా ఇంకో ఉత్తరం. పొరపాటైంది, మొదటి బహుమతి మీదే, క్షమించండి అని. ఎందుకంటావ్? జడ్జీలు ముగ్గురిలో ఒకాయన నా కథ చదివి అన్నం మానేశాడట. రెండో ఆయన ఏడ్చిన ఏడుపుకి కాగితాలన్నీ తడిసిపోతే, ఇరవై మూడు పేజీలూ బట్టల తీగ మీద ఆరేశారు. దారినపోయేవాళ్ళు ఆగి చదవడం మొదలెట్టారు. ఒక బస్సు ఆగింది, దాని వెనక పద్నాలుగు బస్సులు. గాలికి మూడో పేజీ తిరగబడితే డ్రైవరే దిగొచ్చి సరిచేశాడు!"

"మరి మూడో జడ్జీ?" అంది టీ కొట్టు నడిపే అక్క.

"ఆయన ఇంకా చదువుతూనే ఉన్నాడు, అడ్డురాకు. మరుసటేడు అదే పోటీలో కొత్త నిబంధన, ఫలానా ఆయన తప్ప ఎవరైనా పాల్గొనవచ్చు అని. నేనూరుకుంటానా, మారుపేరుతో పంపాను. కామా చూసి పట్టేశారు! అలాంటి కామా పెట్టేవాడు ఇంకొకడు లేడట. సరే, పోటీలు మనకొద్దులెమ్మని సంకలనాల మీద పడ్డాను. ఒకాయన పాతిక కథలతో పుస్తకం తలపెట్టాడు. నా కథ పెట్టాడా, పక్క కథ వెలవెలబోయింది. తీసేశాడు. దాని పక్కదీ అంతే. తీసీ తీసీ, చివరికి నా ఒక్క కథనే పాతిక పేర్లతో పాతికసార్లు వేశాడు. ఒక్కడికైనా అనుమానమొస్తేనా? పదిహేడోది మిగతావాటికంటే బాగుందని పాఠకుల ఉత్తరాలు!"

"నేను కుట్టకుండా ఎలా వచ్చింది మాస్టారూ ఆ పుస్తకం?" అన్నాడు బైండరు.

"నీ దారానికి ఆగే పుస్తకమా అది? ఉత్తరాలంటే గుర్తొచ్చింది, రోజుకి ఏడు బస్తాలు! వీధి తలుపు తెరుచుకునేది కాదు, కిటికీలోంచి దూకి డ్యూటీకొచ్చేవాణ్ణి. మా అక్క ఒక్కోటీ చదివి, ఒరే, దీనికి జవాబు రాయరా అని..."

మాస్టారు అక్కడ ఆగి, చల్లారిన టీ ఒక గుక్క మింగాడు.

పోస్ట్‌మన్ లేచాడు. "నాలుగైంది మాస్టారూ, ఇటివ్వండి."

కవరు అందుకుని తిప్పి చూశాడు.

"ఇదీ మీ ఇంటికేనా మాస్టారూ?"

బైండరు మెడ చాచి చూశాడు, కవరు మీద మాస్టారి అడ్రసే ఉంది.

"పదకొండేళ్ళుగా నేనే కదా తెచ్చి ఇస్తున్నాను. తిరుగు టపాకని సొంత అడ్రసు రాసి ఒక కవరు జతచేస్తారు కదా, మీరు పొరపాటున కథ అందులో పెట్టి డబ్బాలో వేశారనుకున్నాను మొదట్లో. తర్వాత అడగడం మానేశాను."

మాస్టారు తల దించుకున్నాడు. "మొదటిసారి పొరపాటే తమ్ముడూ. గుమ్మంలో కవరు చూసి, వాళ్ళు వద్దన్నారనుకున్నాను. ప్రాణం చచ్చిపోయింది. పోస్టు ముద్ర చూస్తే అర్థమైంది, కథ అసలు ఊరే దాటలేదని. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అప్పట్నుంచీ ఇంతే. అక్క అడిగితే పరిశీలనలో ఉందనేవాణ్ణి. ఈ ఎండాకాలం ఆస్పత్రి మంచం మీద కూడా అడిగింది, ఇంకా పరిశీలనలోనే ఉందా అని. ఉందక్కా అన్నాను. అది నమ్మే పోయింది. ఇందులో ఉన్నది తను ఫెయిర్ చేసిన ఆఖరి కథ. నిజంగా పంపుదామనే అనుకున్నాను. ఎంపిక కాని కథలు తిప్పి పంపబడవు అని రాశారు వీళ్ళు, పంపితే అక్క రాత ఇక చేతికి రాదు."

"జిరాక్స్ కొట్టు పక్క వీధిలోనే కదా, తీయించి పంపరాదూ?" అంది టీ అక్క మెల్లిగా.

"జిరాక్స్ తీయిస్తే పంపాల్సొస్తుంది కదమ్మా."

పోస్ట్‌మన్ జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. "మీ అడ్రసు కొట్టేసి వాళ్ళది రాయండి. రెండు నిమిషాలు ఆగుతాను."

మాస్టారు మూత తీశాడు. సంకలనంవాళ్ళ అడ్రసు ఆయనకి కంఠతా వచ్చు. పెన్ను కవరు మీద ఆనించి చాలాసేపు ఉన్నాడు. తర్వాత మూత పెట్టి తిరిగిచ్చేశాడు.

"ఈసారికి ఇలాగే వేసెయ్ తమ్ముడూ."

పోస్ట్‌మన్ సంచీ మూతి బిగించి కట్టాడు. కవరు అందులో వెయ్యలేదు. తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు.

"మీ టపా మాస్టారూ. వచ్చేసింది."