పాత సిస్టమ్ మనిషి

పనిరోజున పిలవకుండా వచ్చిన మరిది ఎంబ్రాయిడరీ షాపులోని కంప్యూటరు ముందు తిష్ఠ వేశాడు. వదినకు అప్పుడే అనుమానం వచ్చింది గాని, దారం కండెలు సర్దుతూ ఊరుకుంది.

"వదినా, ఈ కంప్యూటర్ని నడిపే పాత సిస్టమ్‌కి నెలాఖరున మా కంపెనీ మంగళం పాడేస్తోంది. ఇక అప్‌డేట్లు రావు."

"రాకపోతే నా కుట్టు మెషీను ఆగుతుందా?"

"ఆగదు. వైరస్‌లు దూరకుండా నెట్ వైరు పీకేసి, ఎవరి పెన్‌డ్రైవ్ పడితే వాళ్ళది పెట్టకుండా ఉంటే చాలు."

"కొత్త కంప్యూటరు కొనమనవేం?"

"కొత్తదాని మాట నీ మెషీను వినదు."

"అవునూ, ఆ అప్‌డేట్లు రాసేది మీ జట్టేగా?"

"మా జట్టే."

"మరి వచ్చే నెల నుంచి ఏం రాస్తారు?"

మరిది కీబోర్డు మీద దుమ్ము ఊదాడు. "టీ ఏమైనా ఉందా వదినా?"

"మాట తిప్పకు. ఉద్యోగం పోయిందని మీ ఆవిడకి చెప్పావా?"

"ఇంకా లేదు. పాత సిస్టమ్ తప్ప ఇంకేం రాదని మిగతా జట్లవాళ్ళు నన్ను వద్దన్నారు."

"ఎదురుగా పళ్ళ డాక్టరు ఎక్స్‌రే, మూలమీద ప్రింటింగ్ ప్రెస్సు, అన్నీ ఇలాంటి ముసలివాటి మీదే నడుస్తున్నాయయ్యా. ఇకమీదట వాళ్ళకి దిక్కెవరు?"

మరిది తలెత్తి చూశాడు.

వదిన వంగి నెట్ వైరు పీకి అతని ఒళ్ళో పడేసింది.

"ముందు నాది సరిచెయ్యి. డాక్టరుతో నేను మాట్లాడతా. ఇంటికి ఫోన్ మాత్రం నువ్వే చెయ్యాలి."