రిమ్మా ఎత్తుకెళ్ళిన మంచు

విరగ్గొట్టానా? నేనా? రిమ్మా చెట్ల కొమ్మల్ని నేను విరగ్గొట్టానా? అర్కాదీ నీలొవిచ్ గారూ, ఆ మాట ఇంకొక్కసారి అనండి. నా మొహంలోకి చూసి అనండి!

మన తోటల సంఘం కమిటీ వాళ్ళంతా కూర్చుని తేల్చేశారన్నమాట. ఆదివారం మీటింగు పెట్టి నా తోట లాగేసుకుంటారన్నమాట. ముందా కాగితం మడిచి జేబులో పెట్టుకోండి. కూర్చోండి. అక్కడ కాదు, ఆ బల్లకి ఒక కాలు సరిగ్గా లేదు. ఇటు. టీ తాగుతారా? తాగరూ? మీ ఇష్టం. వింటే చాలు.

కిందటేడు మార్చిలో దొంగతనం జరిగిందని, సంఘం పెద్దలు కదా అని మీ దగ్గరికొచ్చానా లేదా? చేతికర్ర పట్టుకుని, కుంటుకుంటూ. ఏం పోయింది గ్లఫీరా యెగొరొవ్నా అన్నారు. మంచు పోయిందండీ అన్నాను. మీరు నవ్వారు. టోపీ తీసి పక్కన పెట్టుకుని మరీ నవ్వారు. సైబీరియాలో మంచు దొంగతనమట అని రైలు స్టేషన్ దాకా చెప్పుకుని నవ్వారు.

అవును, మంచే పోయింది!

మీకేం తెలుస్తుంది లెండి దాని విలువ? మీ తోటలో దోసపాదులూ క్యాబేజీ తప్ప ఏమున్నాయని? మన ఓమ్స్క్ చలిలో నిటారుగా నిలబడ్డ ఆపిల్ చెట్టు బతుకుతుందా? గోలీకాయంత పుల్లటి అడవి ఆపిలైతే బతుకుతుంది. పిడికిలంత కాయ కావాలంటే చెట్టుని చిన్నప్పటినుంచే పడుకోబెట్టాలి. మొదలు నేలకి ఆనించి, కొమ్మలు అటొకటి ఇటొకటి పరిచి, ఏటా చలి ముదరకముందే కొయ్య కొక్కేలు దిగ్గొట్టి నేలకి బిగించాలి. ఆ పైన మంచు కప్పుకోవాలి. ఆ మంచు మూరెడు మందం ఉందా, చెట్టు బతికింది. లేదా, చచ్చింది. మధ్యేమార్గం లేదు.

నావి ఆరు చెట్లు. మా అమ్మవి, అసలైతే. పెళ్ళి చేసుకుని ర్యజాన్ నుంచి నాన్న వెంట వచ్చేటప్పుడు నాలుగు పుల్లలు తెచ్చుకుంది. తడి ఆరకుండా పచ్చి బంగాళాదుంపలో గుచ్చి, కోటు లోపల పెట్టుకుని, నాలుగు రోజుల రైలు. ఆకలేసినా ఆ దుంప తినలేదట! ఇక్కడి అడవి మొక్కకి అంటు కట్టింది. ఆ రకానికి పేరేంటో ఎవరికీ తెలీదు. అమ్మ 'మనూరిది' అనేది. మేమూ మనూరిదనే అన్నాం. కొరికితే లోపల లేత గులాబీరంగు చారలు. ఆ వాసనా... పోనీండి.

రిమ్మాకి ఆ రకం ఇచ్చింది నేనేనండీ. ఇరవై రెండేళ్ళ కిందట, పక్క తోట దానికొచ్చినప్పుడు. ట్రామ్ నడిపే మనిషి, పార ఏ వైపు పట్టుకోవాలో తెలీదు. కంచె అవతల నిలబడి, నా పేరు ముద్దుగా కుదించి, 'ఏమే గ్లాషా, నీ చెట్లకి జబ్బు చేసిందా, పడుకున్నాయేం?' అంది. నేను కడుపుబ్బ నవ్వాను. ఆ ఆగస్టులోనే నా చెట్ల మొగ్గలు కోసి నా చేత్తో దానికి నాలుగు అంట్లు కట్టాను. అప్పట్నుంచీ చూడండి, అది నేనూ, నేను అదీ. దాని మొగుడు పోతే నా మంచం మీద పడుకోబెట్టుకున్నాను నెల్లాళ్ళు.

కిందటేడు జనవరిలో ట్రామ్ స్టాపు దగ్గర మంచుగడ్డ మీద జారి నా తొడ ఎముక విరిగింది. మీకు తెలుసుగా. ఆరు వారాలు ఆసుపత్రిలో, కాలికి బరువు కట్టి వేలాడదీశారు. ఆ శీతాకాలం గుర్తుందా? చలి చంపేసింది గానీ మంచు పడలేదు. నేల నల్లగా కనబడేది. నాకు కాలు కాదండీ బెంగ, చెట్లు! తాళంచెవి రిమ్మా చేతిలో పెట్టాను. దార్లో ఉన్న మంచూ, ఇంటి కప్పు మీది మంచూ, ఎక్కడిదక్కడ పోగేసి నా పిల్లల మీద కప్పవే అన్నాను. 'నువ్వు చెప్పాలా' అంది.

ప్రతి ఆదివారం వచ్చేది. కోడి పులుసు తెచ్చేది, మెడకి తువ్వాలు కట్టి తాగించేది. చెట్లెలా ఉన్నాయే అంటే, 'నడుమెత్తు కప్పానే, దుప్పట్లో పాపల్లా నిద్రపోతున్నాయి' అనేది. ఆ మాట పట్టుకుని నేను వారమంతా నొప్పి ఓర్చుకునేదాన్ని.

మార్చిలో లోకల్ రైలు దిగి, కర్ర పోటేసుకుంటూ వచ్చాను. గేటు తీశాను.

నేల అండీ. ఉత్త నేల. నా చెట్లు నడిరోడ్డు మీద బట్టలిప్పేసిన మనుషుల్లా పడున్నాయి. చుట్టూ పారతో చెక్కిన గుర్తులు, చతురస్రాలుగా, శుభ్రంగా. ఆ పార పట్టడం నేర్పింది నేనే కదా! కంచె అవతల చూద్దునా, రిమ్మా చెట్ల మీద నా భుజం ఎత్తున తెల్లటి గుట్టలు. నాలుగు.

అడిగాను. ఎందుకడగను? మొదట 'గాలికి కొట్టుకుపోయింది' అంది. గాలికి పార ఉంటుందటే అన్నాను. అప్పుడు తలొంచుకుంది. 'గ్లాషా, ఒక్క తోటకే సరిపోయేంత మంచుందే' అంది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. 'ఆసుపత్రిలో ఆ డాక్టరు మాటలు విన్నాక... నువ్వు లేస్తావో లేవో అనుకున్నాను' అంది.

విన్నారా? లేస్తానో లేవనో! నేను బతికుండగానే నా దినం చేసేసింది. ఆదివారం పులుసు తాగించిన చేత్తోనే సోమవారం నా మంచు ఎత్తుకెళ్ళింది. వచ్చే ఆదివారం మళ్ళీ పులుసు! దొంగని క్షమించొచ్చండీ. ఆ పులుసుని ఎలా క్షమించను?

మే నెలలో గోటితో బెరడు గీకి చూశాను. పచ్చగా ఉండాల్సిన చోట టీ పొడి రంగు. ఒకటి, రెండు, మూడు... ఆరూ. దానివి మాత్రం విరగబూశాయి. నా కిటికీలోంచి కనబడేవి. తేనెటీగల మోత కూడా వినబడేది.

వచ్చింది, రాలేదనను. ఆగస్టులో గేటు దగ్గర నిలబడి, 'మొగ్గలు కోసుకోవే, మళ్ళీ అంటు కట్టుకో' అంది. మా అమ్మ సొత్తు నేను దాని దగ్గర అడుక్కోవాలా? తలుపు వేసుకున్నాను. సెప్టెంబరులో బకెట్టుడు కాయలు పెట్టి వెళ్ళింది. కంచె మీంచి వెనక్కి గుమ్మరించాను. ఒక్కటి కూడా కొరకలేదు. వాసన చూశాను. అంతే.

ఆ, ఇప్పుడు మీ కాగితం సంగతి. పగబట్టి అక్టోబరులో వెళ్ళి కొమ్మలు విరిచానని రాశారు కదూ? రాసింది రిమ్మానేగా?

కాదా?

ఏది, ఇటివ్వండి. నా కళ్ళజోడు... ఆ. పదకొండు సంతకాలు. దానిది లేదేం? మీరు అడిగారా? అడిగితే ఏమంది?

'గ్లాషా నా తోటలో అడుగు పెట్టలేదు' అందా.

అంతేనా? ఇంకేం అనలేదా? కొమ్మలెలా విరిగాయో చెప్పలేదా? సంతకం పెట్టనని లోపలికి వెళ్ళిపోయిందా...

ఆగండి. కాసిని నీళ్ళు తాగుతాను.

అదికాదు, అర్కాదీ నీలొవిచ్ గారూ. రిమ్మా పట్నంలో పుట్టిన మనిషి. దానికి ఆకాశం చదవడం రాదు. వేసవంతా పైకి లేచిన కొమ్మల్ని మళ్ళీ వంచడానికి ఏటా ఒక రోజుంటుంది. మరీ ముందు వంచితే కింద కుళ్ళుతాయి. ఒక్క రోజు ఆలస్యమైతే కొమ్మ గడ్డకట్టి, వంచబోతే విరుగుతుంది. ఆ రోజేదో దానికెప్పుడూ తెలీదు. ఇరవై ఒక్క శరత్కాలాలు నేనే కంచె దగ్గరికెళ్ళి కేకేశాను. 'ఒసేయ్ రిమ్మా, ఇవాళే! రేపు ఆలస్యం!' కూర పొయ్యి మీదుంటే పొయ్యి ఆర్పి వచ్చేది.

కిందటి అక్టోబరులో ఆ రోజొచ్చింది. మధ్యాహ్నానికే పొగ గొట్టంలోంచి లేచిన పొగ నిటారుగా నిలబడింది. గాలి లేదు. విరిగిన కాలు ఎముకలోంచి లాగుతోంది. నాకు తెలిసిపోయింది.

రిమ్మా తోటలోనే ఉంది. నాలుగుసార్లు కంచె దాకా వచ్చింది. నా కిటికీ వైపు చూస్తూ నిలబడింది. అడగడానికి మొహం చెల్లలేదు దానికి. నేను తెర లాగేశాను.

తెల్లారేసరికి బకెట్లో నీళ్ళు అడుగుదాకా గడ్డ. అప్పుడు పరిగెత్తుకొచ్చింది కొక్కేలు పట్టుకుని. మొదటి చెట్టుకి ఫట్‌మంది. రెండోదానికీ అంతే. తెర వెనక నుంచి విన్నాను. మూడో చెట్టు దగ్గర చప్పుడు లేదు. చూస్తే నేలమీద కూలబడి ఉంది, ఉన్ని చేతితొడుగు నోట్లో కుక్కుకుని. మిగతా రెండూ అలాగే నిలబడి శీతాకాలం చూశాయి. మొన్న మంచు కరిగాక నాలుగూ కట్టెలే.

కాబట్టి నేను విరగ్గొట్టలేదు. అది నిజం. దానికీ తెలుసు. ఎందుకు విరిగాయో కూడా తెలుసు. తెలిసే సంతకం పెట్టలేదు.

రాసుకోండి: ఆ రోజు పిలవలేదు. అలా రాయడానికి మీ కాగితంలో చోటు లేదా? చట్టంలో లేదా? మంచుకీ లేదన్నట్టు నవ్వారుగా.

ఇంకోటి కూడా రాయండి. మా అమ్మ నాలుగు రోజులు రైల్లో కోటు లోపల దాచుకొచ్చింది చూశారూ, అది ఇప్పుడు ఓమ్స్క్‌లో ఎక్కడా లేదు. ర్యజాన్‌లో ఉందో లేదో, పేరే తెలీనిదాన్ని ఏమని వెతకను? నా ఆరూ రిమ్మా చంపింది. ఆఖరి నాలుగూ నేను చంపాను, తెర వెనక నిలబడి, చేతులు కట్టుకుని.

ఆదివారం నేను రాను. తోట తీసుకుంటారా, తీసుకోండి. అడ్డొచ్చిందెవరు?

వెళ్ళేటప్పుడు గేటు గట్టిగా లాగి వెయ్యండి. లేకపోతే మేకలొస్తాయి. వచ్చినా తినడానికేముంది లెండి.