టాకా మీద ఉన్న బండి

గట్ల గుర్రుమని సూడకు బావా. సూస్తే ఏమొస్తది? ఆరు వారాలు నోరు తెరవద్దన్నడు డాక్టరు. పై దవడ, కింది దవడ కలిపి తీగల్తోని బిగిచ్చిన్రు. పన్నెండేండ్ల సంది నేను ఒక్క మాట అంటే నువ్వు పది అంటివి. ఇయ్యాల నేను మాట్లాడ్త, నువ్వు ఇను.

ఏంది, పోవాల్నా? పోను. ఆ చెయ్యి ఊపుడు బంద్ జెయ్యి, సెలైన్ సూది ఊడితే నర్సమ్మ మల్ల నన్నే తిడ్తది. పొద్దుగాల సంది మూడుసార్లు తిన్న ఆమెతోని తిట్లు, నీకు జావ తాపుడు నాకు రాదని.

ఇగో, గొట్టం పట్టు. మెల్లగ గుంజు. నేను పలగ్గొట్టిన నోటికి నేనే జావ తాపుతున్న, ఇంకేం గావాలె నీకు?

కింద కాంటీన్ల మీ అన్న ఆగయ్య కలిసిండు. కాలర్ పట్టుకోని కొడ్తడేమో అనుకున్న. కొడితే పడుదమనే పోయిన. కొట్టలె. కూసోవెట్టి చాయ తాపిచ్చిండు. "అక్క కాలు పోయినంక తమ్ముడైనోడు ఊకుంటడా నాగేందర్, నా తమ్ముడైనా తప్పు తప్పే" అన్నడు. నీ సొంత అన్న బావా. నీ రెండు పండ్లు రాలగొట్టినోనికి బిస్కెట్లు గూడ ఇప్పిచ్చిండు.

తిన్న. ఆకలైంది, తిన్న.

బస్తీ మొత్తం గదే మాట. నిండా వెల్డింగు గాక టాకా మీదనే ఉన్న బండికి, ఎక్కొద్దని కట్టిన ఎర్రగుడ్డ ఇప్పేసి, లప్పం వెట్టి, రంగు కొట్టి, పెండ్లాన్ని ఎనక ఎక్కిచ్చుకోని పోయిండు జంగయ్య, గాడు మనిషేనా అని. తల ఊపకు. నాకు ఎరుకే. జర ఆగు, ఆడికే వస్తున్న.

నీకు ఆ బండి పనే ముందుగాల సంది పడలె. నాయిన యెజ్డీ అది. నాచారం కంపెనీల వెల్డర్ కొలువు, ముప్పై ఏండ్లు దాని మీదనే పోయిండు, దాని మీదనే వచ్చిండు. ఆయన సచ్చినంక మన వెల్డింగు షెడ్డు ఎనక ఎనిమిదేండ్లు పడి ఉండె. టాంకీ కింద కోళ్లు గుడ్లు వెట్టినయ్. దాన్ని కేఫ్ రేసర్ జేస్త అన్న నేను. మడుగార్డులు తీసేసుడు, పొడుగు సీటు తీసేసి ఒక్కనికే చిన్న సీటు, హాండిలు కిందికి, మనిషి టాంకీ మీదికి వంగి నడుపుడు.

"పోశయ్య మామ బండిని తోక కోసిన కుక్క లెక్క జేస్తవారా" అన్నవ్ నువ్వు. ఫోన్ల బొమ్మలు సూపిచ్చిన, యూట్యూబ్ల సూపిచ్చిన. మొకం అటు తిప్పుకున్నవ్. మామ బండి మామ బండి లెక్కనే ఉండాలె అన్నవ్. నాకు నాయిన గాదా? నీకొక్కనికే మామనా?

చేసిస్ కోసిన నాడు యాదికుందా? ఉరికొచ్చి చెంప మీద కొట్టినవ్. నిప్పురవ్వలు ఇంక ఎగురుతనే ఉన్నయ్, గ్రైండర్ నా చేతుల తిరుగుతనే ఉంది, నీ పొట్టకు జానెడు దూరంల. పెట్టేద్దామనిపిచ్చింది బావా, అబద్ధమెందుకు. పేగులు బయటవడ్తయని గూడ అనుకున్న. స్విచ్ బంద్ జేసి, కింద వెట్టి, అప్పుడు గుద్దిన నిన్ను. నువ్వు రంగు డబ్బ నా నెత్తి మీద ఏసి కొట్టినవ్. అక్క చీపురుకట్ట పట్టుకోని వచ్చి ఇద్దరినీ కొట్టింది. నాయిన పోయినంక మనిద్దరి మీద చెయ్యి లేపేది ఆమె ఒక్కతే.

అయినా రంగు నేనే కొడ్త అన్నవ్. వేరేటోన్ని ముట్టనియ్య అన్నవ్. నాచారంల నీ అసొంటి రంగు కొట్టేటోడు లేడు, గది నేను నీ ముందల ఎన్నడు అనలె. ఇప్పుడంటున్న.

ఎనిమిది నెలలు పట్టింది నాకు. ఇంజను ఇప్పి పిస్టన్ మార్చిన, జంగు పట్టిన ప్రతి బోల్టు డీజిల్ల నానవెట్టిన. అన్ని అయినంక ఎనకాల పని మిగిలింది. కోసిన కాడ వంపు తిరిగిన పైపు అతికిచ్చాలె, సీటు మొత్తం గా పైపు మీదనే ఆగుతది. ముందు టాకాలు ఏస్తం గదా. శనగ గింజంత చుక్కలు, అటు రెండు, ఇటు రెండు. కూసోని సూస్కోని, వంకర లేదనుకున్నంక సుట్టూర నిండా వెల్డింగు. అప్పటి దాక బండికి ఎర్రగుడ్డ. గుడ్డ ఉన్న బండి ఎవ్వడు ఎక్కొద్దు, రంగు కొట్టేటోడు ముట్టొద్దు. నాయిన వెట్టిన పద్ధతి. దేవుని ఫోటోకు దండ ఎయ్యకుంట షెడ్డు తెరిచిన దినాలున్నయ్ గని, గుడ్డ కట్టకుంట టాకా ఏసిన దినం లేదు.

అక్క అడిగిందట గదా నిన్ను, నాయిన బండి ఒక్కపారి ఎక్కియ్యవా అని. చిన్నప్పుడు టాంకీ మీద కూసోని బడికి పోయింది ఆమె. ఆమె అడిగితే నువ్వు కాదంటవా? నువ్వు ముందటికి జరిగి, ఆమెను ఎనక సగం సీటు మీద కూసోవెట్టుకోని, రామంతాపూర్ల మీ అన్నోళ్ల ఇంటికని బయలెల్లినవ్. నన్ను అడగలె. అడిగితే ఇయ్యనని తెల్సు నీకు.

ఉప్పల్ల ఫ్లైఓవర్ పని జేస్తున్న కాడ రోడ్డు మొత్తం గుంతలే. బండి గుంతల దిగి లేసేసరికి పైపు ఊడింది. అక్క ఎనక్కి పడ్డది. ఎనక నీళ్ల ట్యాంకరు. డ్రైవరు బ్రేకు తొక్కిండు, నిజంగనే తొక్కిండు, నేను అడిగిన వాన్ని. తొక్కినా ఆగలె.

నేను ఉరికొచ్చేసరికి ఆమెను 108ల ఎక్కిస్తుండె. మోకాలు కింద అంతా మాంసం ముద్దే, ఎముక బయటికొచ్చి ఉండె. చెప్పు మాత్రం బరాబర్ తొడుక్కునే ఉంది. "నాగా, నా కాలు ఏది" అని అడిగింది నన్ను.

నువ్వు డివైడర్ మీద కూసోని ఉన్నవ్, ఊడిన పైపు చేతుల వట్టుకోని. నన్ను సూసి లేసినవ్. "నాగా, వెల్డింగు..." అన్నవ్. గంతే అన్నవ్. పెద్ద పానా నా చేతులనే ఉండె. కొట్టిన.

మొదటి దెబ్బకే దవడ ఇరిగిన సప్పుడు నాకు ఇనొచ్చింది. రెండో దెబ్బకు కింద వడ్డవ్. కింద వడ్డంక గూడ కొట్టిన. ఆటోవాళ్లు గుంజుతుంటే ఒకని చెయ్యి కొరికిన, నెత్తురు వచ్చింది, ఆ రుచి ఇంక నా నోట్ల ఉంది. నువ్వు నెత్తురు ఉమ్ముకుంట ఇంక ఏదో అనవోతున్నవ్. మూతి మీద కాలు వెట్టి తొక్కిన బావా. చెప్పు మడమతోని తొక్కిన. ఆడున్నోళ్లు అందరు తమ్ముని కడుపుమంట అనుకున్నరు. ఒక ముసలామె నా ఈపు గూడ నిమిరింది.

మూడు దినాల సంది నువ్వు నన్ను గా సూపు సూస్తున్నవ్. ఒంటి నిండ జాగ ఉంది కొట్టెతందుకు. కాలు పోగొట్టినోనివి కాళ్లు ఇరగ్గొట్టాలె గదా? నోరే ఎందుకు కొట్టిన?

గుడ్డ నువ్వు ఇప్పలె. నేనిప్పిన. బుధవారం పొద్దుగాల ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల వెడదామని. ఎర్రగుడ్డ యాలాడుకుంట ఫోటోల మంచిగ లేదు, ఇప్పి జేబుల వెట్టుకున్న. గప్పుడే నువ్వొచ్చినవ్. వంగి సూసి, "ఏందిరా సందు కనవడుతుంది, నిండా ఏసినవా" అని అడిగినవ్. అడిగినవ్ బావా, నువ్వు బరాబర్ అడిగినవ్. ఎనిమిది నెలల సంది ఇంక గాలేదా, ఇంక గాలేదా అని నా పాణం తీసినవ్, గా గుస్స నా నెత్తిల ఉండె. "లోపట ఇంకో పైపు దూర్చి ఏసిన, నీకేం తెలుస్తది, నీ రంగు సంగతి సూస్కో" అన్న.

లోపట ఏం లేదు. పొల్లు మాట జెప్పిన. సాయంత్రం దాక ఏసేద్దామనుకున్న. కరెంటు పోయింది. తెల్లారి దమ్మాయిగూడల గేటు పని వడ్డది, రెండు దినాలు ఆడనే అయినయ్. తిరిగొచ్చేసరికి నువ్వు లప్పం వెట్టి, నున్నగ రుద్ది, రంగు కొట్టి ఆరవెట్టినవ్.

గప్పుడన్న చెప్పాల్సుండె. రంగు గీకి మల్ల ఏద్దామని గ్రైండర్ చేతుల పట్టుకున్న గూడ. టాంకీ ముందటి సంది సీటు ఎనక దాక ఒక్కటే బంగారు గీత గుంజినవ్, ఏడ చెయ్యి ఒణకలె, ఏడ ఆగలె. నన్ను కొట్టి, తిట్టి, ఆఖరికి నాయిన బండికి గసొంటి గీత గుంజినవ్. దాన్ని కాల్చ బుద్ధి గాలె నాకు. ఆదివారం అందరికి సూపిచ్చి, సోమవారం ఇప్పి ఏస్త అనుకున్న. నేనొక్కన్నే గదా ఎక్కేది, అరవై కిలోలు, నాలుగు చుక్కలు ఆపుతయ్ అనుకున్న. ఇరవై ఏండ్ల సంది వెల్డింగు జేస్తున్న, నాలుగు చుక్కలు ఆపుతయ్ అనుకున్న.

శనివారం మల్లాపూర్ పోయి క్లాంపులు తెచ్చిన. షెడ్ల బండి లేదు. అక్కతోని పోయిండని పక్కింటోళ్లు చెప్పిన్రు. ఫోను రాకముందే నాకు తెల్సింది. ఉప్పల్ అని ఫోను రాంగనే, పానా చేతుల ఉన్నదన్న సోయి లేకుంట ఆటో ఎక్కి ఉరికిన.

నువ్వు వెల్డింగు అని నోరు తెరిచినవ్. సుట్టూర నలభై మంది. ఇంకొక్క మాట నీ నోట్లకెల్లి వస్తే నేను ఖతం. గందుకే నోరు కొట్టిన. అక్క కోసం కొట్టలె నిన్ను.

నిన్న ఆమెకు మంచిగ తెలివొచ్చింది. కాలు మోకాలు మీదికి తీసేసిన్రని చెప్తే ఏడ్వలె. దుప్పటి ఎత్తి సూసింది, మల్ల కప్పుకున్నది. "నాగా, నిండా ఏసినవా" అని అడిగింది. వెల్డర్ బిడ్డ గదా, ఇంకేం అడుగుతది? "గుడ్డ కట్టిన అక్కా, బావ ఇప్పిండు" అన్న. నా నోటితోని అన్న. నీలవేణక్క గోడ దిక్కు మల్లింది. "ఆయన నా కండ్ల వడొద్దు" అన్నది. ఇంటికి పోయినంక గూడ వద్దన్నది.

నాలుగింటికి పోలీసాయన వస్తడట, మాట రాకుంటే కాయితం మీద రాసియ్యమంటడట. ఇగో కాయితం, ఇగో పెన్ను, కింద దుకాణంల నేనే కొనుక్కొచ్చిన. మొత్తం రాయి. నన్ను తీస్కపోతరు, తీస్కపోని. అక్కకు గూడ సూపిస్తరు.

నేను చెప్పలేను. పొద్దుగాల సంది మూడుసార్లు ఆమె వార్డు దాక మెట్లెక్కిన, మూడుసార్లు దిగిన.

ఏందది? పెన్ను పక్కకు నూకుతున్నవేంది? వద్దా? ఎందుకు వద్దు? అక్కకు తమ్ముడన్న మిగలాల్నా? నా చెయ్యి ఇడువు బావా. మాఫ్ జేస్తున్నవా నన్ను?

చెయ్యకు. నువ్వు మాఫ్ జేస్తే నేను గట్లనే బతికేస్త. రోజు పొద్దుగాల షెడ్డు తెరుస్త, అక్కకు అన్నం వెడ్త, ఆమె నిన్ను తిడ్తుంటే పక్కన కూసోని ఇనుకుంట ఉంట. నా సంగతి నాకు తెల్సు, నిజంగ బతికేస్త.