లేని చెల్లెలు

అరవై ఒక్క అబద్ధాలండీ! ఒకటా, రెండా? పాఠానికొకటి చొప్పున, వరుస నంబర్లు వేసి మరీ రాసిపెట్టుకున్నారు. ఆ ఫైలుకు ‘ఎరలు’ అని పేరొకటి! మీ కంప్యూటర్ ముందు, మీ కుర్చీలోనే కూర్చుని చదివాను. మీరు పోయి నాలుగు నెలలైంది కదా, ఈ గదిలో నన్ను ఏడిపించేది ఇంకేముంటుందిలే అనుకున్నాను.

పలకరేం? ఔన్లెండి. ఉన్నప్పుడు మాత్రం దేనికి గబుక్కున జవాబిచ్చారు గనక!

మొదటినుంచీ చెబుతాను, వినండి. ఈసారి మధ్యలో లేచిపోవడానికి మీకు వీల్లేదు.

పోయిన వారం, మీ నోట్స్ పెట్టిన మన వెబ్‌సైటుకు ఒక నర్సు ఉత్తరం రాసింది. ఆసుపత్రిలో డ్యూటీలు చేసుకుంటూ ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ.కి కడుతోందట. “మేడమ్, ఇంటర్నెట్టంతా గాలించాను. సగం చోట్ల డబ్బు కట్టమంటారు, మిగతా సగం ఒకరి తప్పులు ఇంకొకరు దించుకున్నవే. కళ్ళు మూసుకుని నమ్మగలిగింది మాస్టారి నోట్స్ ఒక్కటే” అంది. ఎంత పొంగిపోయానో! కింద ఒక సందేహం. గడియారాలు బాగుచేసేవాడి నవలలో, చెల్లెలు అతనికి ఉత్తరం రాసే ఘట్టం ఎక్కడుంది మేడమ్, ఏడో అధ్యాయం రెండుసార్లు చదివినా కనబడలేదు, అని.

కనబడకపోవడమేమిటి! డ్యూటీ దిగి నిద్రకళ్ళతో చదివుంటుంది పాపం, అని నవ్వుకున్నాను. ఆ చెల్లెలు నాకు తెలియకపోవడమా? మీరు చెబుతుంటే ఆ పేజీ టైపు చేసింది నేను కానూ?

“అన్నయ్యా, నన్ను చూడటానికి రాకు. నువ్వొస్తే నేను బాగున్నట్టు కనబడాలి. అంత ఓపిక ఇప్పుడు నాకు లేదు.”

ఈ ముక్క దగ్గర కళ్ళు తుడుచుకోవడానికి ఆగాను. “ఏమైందే?” అన్నారు. “పాపం, ఆ పిల్ల” అన్నాను. మీరు కిటికీలోంచి బయటికి చూశారు. అప్పుడైనా చెప్పకూడదటండీ?

సరే, ఆ నర్సమ్మకు పేజీ నంబరు చెబుదామని లైబ్రరీకి వెళ్ళి ఆ నవల తెచ్చాను. నాలుగు వందల పేజీలు. నేనెన్నడూ అసలు పుస్తకాల జోలికి పోలేదు కదా! “నీకెందుకా శ్రమ, నోట్స్‌లో అన్నీ ఉన్నాయిగా” అనేవారు. నిజమేనని, మీ నోట్స్ బట్టీకొట్టే నేనూ ఎం.ఏ. గట్టెక్కాను. ఇప్పుడు పక్కన డిక్షనరీ పెట్టుకుని, మూడు రోజులు, మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా చదివాను.

చెల్లెలు లేదు. ఆ గడియారాలవాడు తల్లికి ఒక్కడే కొడుకట. రచయిత రెండో పేజీలోనే చెప్పేశాడు!

నోట్స్‌లో తప్పు దొర్లిందేమోనని, మీరు రాసుకున్న ప్రతి కోసం కంప్యూటరంతా వెతికాను. అప్పుడు దొరికింది ఆ ఫైలు. పదిహేడో నంబరు: ‘గడియారాల నవల. చెల్లెలు, ఉత్తరం.’ అంతే. నేను ఎవరి కోసం ఏడ్చానో ఆ మనిషికి మీరు కేటాయించింది రెండు మాటలు.

మీ నోట్స్ ఎత్తుకుపోయి తన పేరుతో అచ్చేసుకున్న ఆ కోచింగ్ సెంటరాయన్ని ఎలా పట్టుకున్నారని అప్పట్లో అడిగాను, గుర్తుందా? “నా దగ్గరా వాడి ఆటలు!” అని మీసం దువ్వుకున్నారు. నేనూ మురిసిపోయి చుట్టాలందరికీ ఫోన్లు చేశాను. ఆహా, ఎంత గొప్పవాణ్ణి కట్టుకున్నానో అని!

మీరు కల్పించిన అబద్ధం వాడి పుస్తకంలోనూ కనబడితే దొంగ దొరికినట్టేనని ఎర వేశారు, సరే. దానికి ఒక తేదీ మార్చినా, ఒక వీధి పేరు మార్చినా సరిపోయేదిగా? అంత మంచి ఉత్తరం ఎందుకు రాశారండీ? నాతో ఎప్పుడైనా అలాంటి మాట ఒకటి మాట్లాడారా?

పోనీ, ఇది చెప్పండి. ఆడపిల్లల కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళాను. మీకు బాగా నచ్చిన పాత్ర ఏదమ్మా అన్నారు. ఇంకేం చెబుతాను? ఆ చెల్లెలి గురించి పది నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పాను. “ఆ చెల్లెలున్న పుస్తకం మాకూ ఒకసారి ఇద్దురూ” అన్నాడు పెద్దాయన. మిగతా ఇద్దరూ దగ్గొచ్చినట్టు మూతులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు.

ఇంటికొచ్చి పొల్లుపోకుండా మీకు చెప్పాను. మీరు లేచి, ఎన్నడూ లేనిది, మీ చేత్తో టీ కలిపి తెచ్చిచ్చారు. “వాళ్ళ మొహం, వాళ్ళకేం తెలుసు” అన్నారు. అది ప్రేమనుకున్నానండీ! ఇన్నాళ్ళూ ఎవరికి చెప్పినా ఆ టీ సంగతే చెప్పేదాన్ని.

మళ్ళీ ఎక్కడా అర్జీ పెట్టలేదు. నా బుర్రే ఇంతేననుకున్నాను. ఎనిమిదేళ్ళు మీ పక్కన స్టూలు మీద కూర్చుని టైపు కొట్టాను. ‘దొంగ’ల జాబితాలో నేనూ ఉన్నానా? లేకపోతే నాతో ఒక్క మాట చెప్పడానికి ఏం అడ్డొచ్చింది?

నిన్న పొద్దున్న కూర్చుని, మీ ఫైలు పక్కన పెట్టుకుని, సైటులోంచి ఒక్కొక్కటే ఏరి తీసేశాను. సాయంత్రానికి అరవై పోయాయి.

పదిహేడోది మిగిలింది. తీసెయ్యడానికి వేలు కదల్లేదు.

ఇంకోటి కూడా చేశాను. చెబుతాను, తిట్టుకుంటే తిట్టుకోండి. నర్సమ్మకు జవాబు రాశాను. “ఉందమ్మా. పాత ముద్రణలో ఉంది. కొత్తవాటిలో తీసేశారు” అని. మీ పరువు కోసమనుకునేరు, అంత లేదు. ఆ పిల్ల అసలు లేనేలేదని నా చేత్తో రాయలేకపోయాను.

అయిదు నిమిషాల్లో తిరుగు జవాబు. “మీరు చెప్పారంటే చాలు మేడమ్. ఎల్లుండి పరీక్షలో ఆ ఉత్తరం గురించే రాస్తాను.”

ఆపమని రాయడానికి రెండు ముక్కలు చాలు. పొద్దుటినుంచీ మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ చెరిపేశాను.

మీకూ ఇలాగే ఉండేదా?