పంతొమ్మిదిలో పదకొండు

మార్చి 13, బుధవారం మధ్యాహ్నం 12 గంటల 50 నిమిషాలకు, ఆఫీసులో దీపాలు ఆర్పి అందరూ కునుకు తీస్తున్న వేళ, మా కంపెనీ కోడ్ సెర్చ్ ఇంజిన్‌లో నేను రాసిన ఒక నియమాన్ని నేనే తీసేశాను. తీసేసినట్టు ఎవరికీ చెప్పలేదు. చెప్పనందువల్ల తుంగ్ గ్వోవెయ్ అనే మా సీనియర్ ఇంజనీరు మీద ఈ ప్రాసిక్యూటర్ కార్యాలయంలో కేసు నడుస్తోంది.

నా పేరు లాయ్ పెయ్షాన్. వయసు 33. తైచుంగ్ నగరంలోని దాలీలో ఉంటాను. లోహపు రేకుల్ని అచ్చొత్తే ప్రెస్ యంత్రాలను నడిపే ప్రోగ్రాములు రాసే కంపెనీలో ఏడేళ్లుగా ఇంజనీరుని. మాట్లాడకుండా ఉండే హక్కు, వకీలును పిలిపించుకునే హక్కు నాకున్నాయని ప్రాసిక్యూటర్ చెప్పారు. రెండూ వద్దన్నాను. నన్నెవరూ పిలవలేదు, నా అంతట నేనే వచ్చాను.

మా కంపెనీలో కొత్త కస్టమర్ వచ్చినప్పుడు కోడ్ కొత్తగా రాయరు. పాత కస్టమర్ కోడ్ మొత్తాన్ని కొత్త పేరుతో కాపీ చేసి, యంత్రానికి తగినట్టు కొన్ని అంకెలు మారుస్తారు. నేను చేరకముందు నుంచీ ఇదే పద్ధతి. కాబట్టి ఒకచోట తప్పు దొరికితే, ఆ తప్పు ఇంకా ఎవరెవరి కాపీల్లో ఉందో వెతికి దిద్దాలి. ఆ వెతకడానికే సెర్చ్ ఇంజిన్. బయట ఉచితంగా దొరికేదాన్ని తెచ్చి పెట్టుకున్నారు. దాన్ని మా అవసరానికి తగ్గట్టు మార్చే పని కిందటి ఏడాది ఆగస్టులో నాకు అప్పగించారు.

దాన్ని అందరికంటే ఎక్కువగా వాడేది తుంగ్ గ్వోవెయ్. వయసు 51. ఆఫీసులో అందరం ఆయన్ని తుంగన్న అంటాం. ఆయన కుర్చీ నా పక్కనే. రోజూ ఏదో ఒకటి అనేవాడు.

"చెల్లీ, నీ సెర్చ్‌ని గిన్నెడు అన్నం అడిగితే బియ్యపు గింజలు ఒక్కొక్కటే లెక్కపెట్టి ఇస్తోందమ్మా. ఒకే ముక్క అరవైసార్లు చూడాలా నేను?"

"కాపీలు చేసింది మీరే కదన్నా. నన్నంటారేం?"

"చేసినవాడు రిటైరై చేపలు పట్టుకుంటున్నాడు. చూసేవాడి కళ్లు పోతున్నాయి."

అక్టోబరులో నేను రెండు మార్పులు చేశాను. ప్రాసిక్యూటర్ వివరంగా చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. సెర్చ్ ఇంజిన్ వెతికేటప్పుడు కోడ్ మొత్తం చదవదు. పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది ముందే తయారు చేసుకుని, అందులో చూస్తుంది. ఆ సూచిక తయారయ్యే చోట నా మొదటి మార్పు. ప్రతి ఫైలునూ ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు వేలిముద్ర లాంటి గుర్తు ఇచ్చాను. రెండు ఫైళ్ల గుర్తులు పదింట తొమ్మిది కలిస్తే వాటిని ఒకే కట్టగా కట్టాను. రెండో మార్పు వెతికే చోట. కట్టలో పైనున్న ఫైలును మాత్రమే చూసి, దాన్నే చూపించేలా రాశాను. కింద ఉన్నవి కనిపించవు. ఫలితం అడుగున చిన్న అక్షరాలతో ఒక గమనిక మాత్రం పెట్టాను: ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి, చూడాలంటే ఇక్కడ నొక్కండి.

ఆ గమనికను మా మేనేజర్ యెన్ తీయించారు. కస్టమర్లు ఆఫీసుకు వచ్చి, టీ తాగుతూ మా వెనక నిలబడి తెర చూస్తుంటారు.

"ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి అని మనమే రాసి చూపిస్తే ఎలాగమ్మా? ఇది మీ కోసమే ప్రత్యేకంగా రాశామని నేను వాళ్లకి చెబుతుంటే?"

"మరి కింద ఉన్నవి చూడాలంటే ఎలా సార్?"

"వేరే మీట ఏదన్నా పెట్టు. కంటికి కనపడకుండా."

పెడతానన్నాను. గమనిక ఆ రోజే తీసేశాను. మీట వచ్చే వారం పెడదామనుకున్నాను. పెట్టలేదు. ఆఫీసు చాట్ గ్రూపులో మాత్రం ఒక వాక్యం రాశాను: "ఇకమీదట సెర్చ్ ఫలితాలు శుభ్రంగా కనిపిస్తాయి." దాచిపెట్టబడతాయి అని రాయలేదు. శుభ్రంగా కనిపిస్తాయి అని రాశాను. అందరూ బొటనవేలు బొమ్మలు పంపారు. తుంగన్న చప్పట్లు కొట్టే ఎలుగుబంటి బొమ్మ పంపాడు.

జనవరి 16న ఫెంగ్యువాన్‌లోని ఒక కస్టమర్ దగ్గర తప్పు బయటపడింది. ప్రెస్ ముందు కంటికి కనిపించని కాంతి తెర ఉంటుంది. మనిషి చెయ్యి ఆ తెరను దాటితే ప్రెస్ ఆగిపోవాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు మా ప్రోగ్రాం ముందు ప్రెస్‌ను లేపి, ఆ తర్వాత తెరను పట్టించుకోవడం మొదలుపెడుతోంది. ఆ మధ్యలో రెండు సెకన్లు యంత్రానికి కళ్లుండవు. అక్కడ ఎవరికీ దెబ్బ తగల్లేదు. కోడ్‌లో తప్పున్న వరసను తుంగన్నే పట్టుకున్నాడు. మరుసటి రోజు పొద్దున దాన్ని సెర్చ్‌లో వేశాడు. నేను అప్పుడే వచ్చి కూర్చుని, గుడ్డు దోసె పొట్లం విప్పుతున్నాను.

"పదకొండే వచ్చాయేంటి చెల్లీ? ఇంకా ఉంటాయనుకున్నానే."

"సెర్చ్ చెప్పింది కదన్నా."

"నీ సెర్చ్ మీద నీకంత నమ్మకమా?"

"మీకు ఎక్కువొస్తే గోల, తక్కువొస్తే గోల."

ఆయన నవ్వాడు. ఆ పదకొండూ దిద్దడానికి నాలుగు రోజులు పట్టింది. ఒక్కొక్కటీ రెండుసార్లు పరీక్షించాడు.

ప్రాసిక్యూటర్: ఆయన అలా అడిగినప్పుడు, కట్టల కింద ఫైళ్లు దాగి ఉంటాయన్న సంగతి మీకు గుర్తు లేదా?

జవాబు: గుర్తుంది.

ప్రాసిక్యూటర్: మరి ఎందుకు చెప్పలేదు?

జవాబు: చెబితే, ఆ మీట ఇంకా పెట్టలేదని కూడా చెప్పాల్సి వచ్చేది. దోసె చల్లారిపోతోంది. మధ్యాహ్నం చెబుదామనుకున్నాను. మధ్యాహ్నం చెప్పలేదు.

మార్చి 12, మంగళవారం ఉదయం 9.40కి లుకాంగ్‌లోని కుళాయిల ఫ్యాక్టరీలో కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. శీ షూమెయ్ అనే కార్మికురాలు, వయసు 44, ఇరుక్కున్న ఇత్తడి ముక్కను తీయడానికి చెయ్యి లోపల పెట్టింది. కాంతి తెర ఉందన్న ధైర్యంతోనే పెట్టింది. కుడిచేతి మూడు వేళ్లు పోయాయి.

ఫ్యాక్టరీ నుంచి ఫోను రాగానే తుంగన్న కారులో లుకాంగ్ వెళ్లాడు. నేను నా కుర్చీలోనే ఉన్నాను. లుకాంగ్ అన్న పేరు వినగానే కట్టలు తెరిచి చూశాను. లుకాంగ్ కాపీ, యువాన్‌లిన్ అనే ఊళ్లోని కస్టమర్ కాపీ కింద ఉంది. పదింట తొమ్మిది కలిశాయి. యువాన్‌లిన్‌ది సెర్చ్‌లో కనిపించింది, తుంగన్న దిద్దాడు. లుకాంగ్‌ది కనిపించలేదు. అలాంటివి ఇంకో ఏడు ఉన్నాయి. అన్నీ కలిపితే పంతొమ్మిది.

ఆ సంగతి ఆ రోజే చెప్పాల్సింది. ఆ ఏడు యంత్రాల ముందు ఆ రోజంతా మనుషులు పనిచేస్తూనే ఉన్నారు. నేను చెప్పలేదు. తుంగన్న రాత్రికి లుకాంగ్‌లోనే ఉండిపోయి, మర్నాడు పదకొండు గంటలకు ఆఫీసుకు వచ్చాడు. భోజనం చేయలేదు. పన్నెండున్నరకు దీపాలు ఆర్పారు. మెడ దిండు బల్ల మీద పెట్టుకుని, దాని మీద తల ఆనించి, నా వైపు ముఖం తిప్పి నిద్రపోయాడు. కళ్లజోడు తీయడం మర్చిపోయాడు.

అప్పుడు ఆ కట్టలు కట్టే నియమాన్ని తీసేశాను. ఒక్క వరస. సూచిక మళ్లీ తయారవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మార్పు వివరం రాయాల్సిన చోట "చిన్న మరమ్మతు" అని రాశాను. ఆ ఏడు యంత్రాలను ఆపడానికే ఈ పని చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం. చేసినట్టు ఎవరికీ తెలియకూడదని కూడా అనుకున్నాను. అదీ నిజం.

ఒంటిగంటన్నరకు దీపాలు వెలిగాయి. తుంగన్న లేచి, ముఖం కూడా కడుక్కోకుండా, దిద్దకముందున్న జనవరి కోడ్‌ను ఎంచుకుని, అదే వరసను మళ్లీ సెర్చ్‌లో వేశాడు. తెర మీద వేలు పెట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టాడు.

"చెల్లీ, పంతొమ్మిది ఉన్నాయి."

నేను నా తెర వైపు తిరిగాను.

"అప్పుడు పదకొండే చూశాను నేను. రెండో పేజీ కిందిదాకా చూడలేదా ఏంటి?"

నేను మాట్లాడలేదు.

ఆయన ఫోను అందుకుని మిగిలిన ఏడు ఫ్యాక్టరీలకూ వరసగా చేశాడు. మూడు గంటల పది నిమిషాలకల్లా ఏడు ప్రెస్సులూ ఆగాయి.

మార్చి 14న సమావేశం పెట్టారు. మేనేజర్ యెన్ పెద్ద తెర మీద అందరి ముందూ ఆ జనవరి కోడ్‌లోనే వెతికి చూపించారు. పంతొమ్మిది వచ్చాయి. తుంగన్న లేచి నిలబడి, తల వంచి, అందరికీ క్షమాపణ చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఫలితాలు తక్కువొచ్చాయని ఆ రోజు నీ సెర్చ్‌ని అనుమానించాను చెల్లీ. ఏమనుకోకు," అన్నాడు.

సమావేశం అయ్యాక నడవాలో మేనేజర్ నన్ను ఆపారు.

"పెయ్షాన్, సెర్చ్‌లో ఈ మధ్య ఏమన్నా మార్చావా?"

"లేదు సార్."

"మంచిది. నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు."

మార్చి 17, ఆదివారం తుంగన్న ఆసుపత్రికి వెళ్తూ కారు నడపమని నన్ను అడిగాడు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదన్నాడు. పళ్లబుట్ట పట్టుకుని వచ్చి, వెనక సీట్లో కూర్చున్నాడు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చోబోతే శీ షూమెయ్ వద్దంది.

"లేవండి బాబూ, నాకు సిగ్గేస్తుంది. యంత్రం మీద ఆకుపచ్చ చిరుతిండి పొట్లం నేనే పెట్టాను, మాట వింటుందని అందరూ పెట్టేదే. పొరపాటున పచ్చదానికి బదులు, పెడితే యంత్రం మొరాయిస్తుందనే పసుపుది పెట్టానేమోనని మా ఆయన్ని పంపి చూపించాను. పచ్చదేనంట. గడువు కూడా దాటలేదంట. మరెందుకు ఇలా అయిందో."

"తప్పు మీది కాదమ్మా. నాది. నేను సరిగ్గా చూడలేదు," అన్నాడు తుంగన్న.

"ఈ అమ్మాయెవరు?"

"మా ఆఫీసు పిల్ల. చాలా తెలివైంది."

నేను ఆమెకు యాపిల్ తొక్క తీసి ఇచ్చాను. ఎడమ చేత్తో తీసుకుంది. కారు దగ్గరకు వచ్చేదాకా చాకు నా చేతిలోనే ఉంది. వెనక్కి వెళ్లి ఇచ్చాను.

ఏప్రిల్ 8న తుంగన్న ఈ కార్యాలయంలోనే, సరిగ్గా చూడకపోవడం తన నిర్లక్ష్యమేనని వాంగ్మూలం ఇచ్చాడని తెలిసింది. అంతకుముందే కోడ్ పని వదిలేసి విడిభాగాల గదికి మార్చమని ఆయనే అడిగి వెళ్లిపోయాడు. ఏప్రిల్ 19, శుక్రవారం భోజనాల దగ్గర నాకు ఎదురుగా కూర్చున్నాడు.

"బుధవారం వెళ్లి మొత్తం ఒప్పేసుకుంటాను చెల్లీ. వకీలు వద్దంటున్నాడు. ఒప్పుకుంటే ఆమెకు పరిహారం తొందరగా వస్తుందంట."

"జైలు వేస్తే?"

"వేస్తే వేస్తారు. కళ్ల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చా. కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు." సూపు గిన్నె పక్కకు జరిపాడు. "అంటే బుర్రే పాడైందన్నమాట. నా కళ్లతో చూసింది నేనే నమ్మలేకపోతే, ఇంక ఏ యంత్రం ముందు ఎవరిని నిలబెట్టను?"

ఆయన చూసింది సరిగ్గానే చూశాడు. తెర మీద పదకొండే ఉన్నాయి. మిగతా ఎనిమిదీ దాచింది నేను. ఈ మాట అప్పుడు, ఆ బల్ల దగ్గరే ఆయనతో చెప్పాల్సింది. చెప్పలేదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మేనేజర్ యెన్ గమనిక తీయమన్న మాట నిజమే. కానీ మీట పెట్టనిది, అడిగినప్పుడు చెప్పనిది, తర్వాత దొంగచాటుగా తీసేసింది నేను. ఈ రోజు వెంట తెచ్చిన ల్యాప్‌టాప్‌లో పాత నియమం పెట్టి, జనవరి నాటి కోడ్‌లో అదే వరసను వెతికి చూపించాను. పదకొండు వచ్చాయి. నియమం తీసి మళ్లీ వెతికాను. పంతొమ్మిది వచ్చాయి. రెండుసార్లూ గుమాస్తా లెక్కపెట్టారు. ల్యాప్‌టాప్‌ను ఇక్కడే అప్పగించాను.

పై మాటలన్నీ గుమాస్తా నాకు చదివి వినిపించారు. ఒకచోట "పొరపాటున చెప్పలేదు" అని రాసి ఉంటే "పొరపాటున" అన్న మాట కొట్టేయించి, పక్కన వేలిముద్ర వేశాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, నేను చెప్పింది జరిగినట్టే ఉంది. ఎవరి బలవంతమూ లేదు.

సంతకం: లాయ్ పెయ్షాన్
కుడి బొటనవేలి ముద్ర
ఏప్రిల్ 22, సోమవారం, ఉదయం 11.35
చాంగ్‌హువా

గుమాస్తా నమోదు: ఏప్రిల్ 24, బుధవారం మధ్యాహ్నం 2.30కి మూడో విచారణ గదిలో తుంగ్ గ్వోవెయ్‌ను, ఈమెను ఎదురెదురుగా కూర్చోబెట్టి ప్రశ్నిస్తారు. ఈ వాంగ్మూలాన్ని ఆయనకు ముందుగా చూపరు. అక్కడ ఈమె చేతే చదివిస్తారు.